తాడు కట్టావా?

కార్తీక మాసంలో సముద్రం వైపు నుంచి గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, మా అమ్మమ్మ చూరులో దోపి ఉంచిన కొబ్బరి తాడు కిందికి తీసేది. చుట్ట విప్పి, మూర మూరకూ వేళ్లతో తడిమి చూసుకునేది. పురి వదిలిన చోట మళ్లీ పేనేది. తరువాత నడిమింటి రాటకు ఒక కొస కట్టి, రెండో కొస చేతికి అందేలా గోడ పక్కన పడేసి, అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేది. ఈ వరస ఎప్పుడూ మారలేదు. ముందు తాడు, తరువాత ప్రార్థన.

మా అమ్మకు ఇది నచ్చేది కాదు. "ముందు దేవుడికి చెప్పుకోవాలి గానీ, ముందు తాడు కట్టుకుని తరువాత దేవుడంటే ఆయన ఏమనుకుంటాడు?" అనేది. "ఆయన ఏమీ అనుకోడు. తాడు కట్టకుండా ఊరికే కూర్చుంటేనే అనుకుంటాడు" అని అమ్మమ్మ జవాబు. తల్లీ కూతుళ్ల మధ్య ఈ వాదన నేను పుట్టకముందే మొదలైంది, అమ్మమ్మ పోయేదాకా సాగింది.

మాది దివిసీమ, నాగాయలంకకు దిగువన సముద్రం వైపు. ఊరి పేరు చెప్పినా చాలామందికి తెలియదు. కృష్ణ రెండు పాయలుగా చీలి, మధ్యలో ఈ నేలను వదిలిపెట్టి సముద్రంలో కలుస్తుంది. అంటే రెండు వైపులా నది, ఒక వైపు సముద్రం. వరి బాగా పండుతుంది. గాలి వస్తే పారిపోవడానికి మాత్రం చోటు లేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో ఆ తేదీ చెబితే ఇంకేమీ చెప్పనక్కరలేదు. మిగతా ఊళ్లవాళ్లకు చెప్పాలి గనుక చెబుతున్నాను. పొద్దుటి నుంచీ గాలి. రేడియో ఉన్న ఇళ్లు ఊళ్లో ఒకటో రెండో. సాయంత్రానికి సముద్రం లేచి వచ్చింది. 5 మీటర్లకు పైగా ఎత్తున నీళ్లు అని పుస్తకాల్లో రాశారు. మా వాళ్లు మీటర్లలో చెప్పరు, తాటిచెట్టంత అంటారు. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. ఆ లెక్క సరైనదని మా వైపు ఎవరూ ఒప్పుకోరు.

మా అమ్మమ్మ ఆ రాత్రి సర్కారు తుమ్మచెట్టును కరుచుకుని బతికింది. ముళ్ల చెట్టు కాబట్టే బతికాననేది. నున్నటి చెట్టయితే నీళ్లు లాక్కుపోయేవట, ముళ్లు చీరనూ ఒంటినీ పట్టుకుని వదల్లేదట. ఆమె రెండు ముంజేతుల లోపలి వైపు మచ్చలు ఉండేవి, చిన్న చిన్నవి, ఎవరో అక్షరాలు రాయబోయి ఆపేసినట్టు. నేను పసివాణ్ణిగా ఆమె ఒళ్లో పడుకుని వాటిని లెక్కపెట్టేవాణ్ణి. ఎప్పుడూ ఒకే లెక్క వచ్చేది కాదు.

అమ్మకు అప్పటికే పెళ్లయి, నాన్నతో బందరులో కూలిపనుల మీద ఉంది కాబట్టి దక్కింది. తాతయ్య పోయాడు. మా పిన్ని పోయింది. పిన్ని అంటే పెద్దది అనుకునేరు, ఏడేళ్ల పిల్ల. ఉప్పెన తరువాత రెండేళ్లకు నేను పుట్టాను. మా ఇంట్లో ఆమె మాట ఎప్పుడు వచ్చినా "మీ పిన్ని" అనే చెప్పేవారు. నాకు ఎనిమిదేళ్లు నిండిన రోజున హఠాత్తుగా ఒక సంగతి తట్టింది, నేను మా పిన్నికంటే పెద్దవాణ్ణయ్యానని. ఆ రోజు క్రిస్మస్‌కు దాచిన కొత్త చొక్కా ముందే వేసుకోనిచ్చారు, కానీ నాకు సంతోషం కలగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

మా చర్చి సంగతి కూడా కొంచెం చెప్పాలి. పాతది తాటాకుల గుడి, ఉప్పెనలో పోయింది. తరువాత కట్టినది సిమెంటు గోడలది. గంట కొనే స్తోమత లేక రైలు పట్టా ముక్క ఒకటి వేపచెట్టుకు వేలాడదీశారు. దాన్ని ఇనుప కడ్డీతో కొడితే పొలాల అవతలికి వినబడేది. ఆదివారం ఒక్కటే కాదు, తుఫాను హెచ్చరిక వచ్చినా అదే గంట. ఆదివారం మూడు దెబ్బలు, ఆగి మూడు దెబ్బలు. తుఫానుకు ఆపకుండా కొట్టేవాళ్లు. అందుకే మా ఊరి హిందువులకు కూడా ఆ గంట తెలుసు. ఆదివారాలు ఉపదేశి గారు పొరపాటున నాలుగో దెబ్బ కొడితే ఊరంతా ఉలిక్కిపడేది.

మా వైపు చర్చి చరిత్ర చాలా పాతది. 1841లోనే రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు బందరులో దిగారు. నోబుల్ గారు అక్కడ బడి పెట్టారు. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచేసింది, సుమారు 30,000 మంది పోయారంటారు. అయ్యగారు ప్రసంగంలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మమ్మ నిట్టూర్చేది. "మనకు ముందే ఒకసారి వచ్చిందన్నమాట. ఎవరూ చెప్పలేదే" అని. దేవుణ్ణి ఏనాడూ నిలదీయని మనిషి, ఈ ఒక్క విషయంలో చరిత్ర తెలిసినవాళ్ల మీద మాత్రం కోపం పెట్టుకుంది.

ప్రతి ఏడాదీ నవంబరు 19 సాయంత్రం చర్చిలో జ్ఞాపకార్థ ఆరాధన జరిగేది. పాటలు, వాక్యం అయ్యాక సాక్ష్యాలు. ఉప్పెనలో బతికినవాళ్లు ఒక్కొక్కరే లేచి, దేవుడు తమను ఎలా కాపాడాడో చెప్పేవాళ్లు. ఒకాయన గడ్డివాము మీద ఎక్కి మూడు మైళ్లు కొట్టుకుపోయాడు. ఒకామె పసిబిడ్డను గంపలో పెట్టి దూలానికి కట్టింది. ప్రతి సాక్ష్యం చివర అందరూ "స్తోత్రం" అనేవాళ్లు. మా అమ్మమ్మ కూడా అనేది. కానీ తాను మాత్రం ఎన్నడూ లేచి సాక్ష్యం చెప్పలేదు. స్త్రీల మైత్రి అనే చర్చి ఆడవాళ్ల సంఘంలో పెద్దావిడలు బతిమాలేవాళ్లు. "నీకంటే గొప్ప సాక్ష్యం ఎవరికుంది? ఒక్కసారి లేచి చెప్పరాదా?" అని. ఆమె ముసుగు సవరించుకుని తల అడ్డంగా ఊపేది.

నాకు పదేళ్లప్పుడు ఒకసారి ఇంటికి నడిచి వస్తూ అడిగాను. "నువ్వెందుకు చెప్పవు అమ్మమ్మా? నిన్ను దేవుడు కాపాడలేదా?"

చాలాసేపు పలకలేదు. కాలవ గట్టు దాటాక అంది. "నన్ను కాపాడాడని చెబితే, మీ పిన్నిని కాపాడలేదని చెప్పినట్టే కదా నాయనా. అది కూడా ప్రార్థన చేసింది. నాకంటే గట్టిగా చేసింది. నా మెడ పట్టుకుని చెవిలోనే చేసింది."

ఆ మాట తరువాత మేమిద్దరం ఇంటిదాకా మాట్లాడుకోలేదు. వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ మాత్రం, ఏదో అసలు సంగతి మరిచిపోయినట్టు, "అయినా ఆయన నాతోనే ఉన్నాడు. ఆ రాత్రీ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. అది మాత్రం చెబుతాను. ఇంకేమీ చెప్పలేను" అంది.

ఆ మాటలు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు పూర్తిగా అర్థమయ్యాయని కూడా అనుకోను. కానీ విశ్వాసం గురించి నేను విన్న ప్రసంగాలన్నింటిలో ఆ రెండు మాటలే నాకు మిగిలాయి.

ఆమెకు చదువు రాదు. కీర్తనల పుస్తకంలో పాటలు, బైబిల్లో కొన్ని అధ్యాయాలు చెవులతో నేర్చుకున్నవే. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చాక రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం నాచేత చదివించేది. ఎక్కువగా అడిగేది 56వ కీర్తన. అందరూ 23 అడుగుతారు, ఈమె 56. అందులో మూడో వచనం దగ్గర నన్ను ఆపేది.

"నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను."

"చూశావా, నాకు భయం లేదు అని రాయలేదు. కలుగు దినమున అని రాశాడు. అంటే కలుగుతుందన్నమాట. గొల్యాతును కొట్టినవాడికే కలిగింది."

అది దావీదు ఫిలిష్తీయుల చేతికి గాతులో చిక్కినప్పటి కీర్తన. అక్కడి రాజు ఆకీషు ముందు దావీదు పిచ్చివాడిలా నటించి, తలుపుల మీద గీతలు గీసి, గడ్డం మీదికి ఉమ్మి కార్చుకున్నాడని సమూయేలు గ్రంథంలో ఉంది. అమ్మమ్మకు ఈ ఘట్టం చాలా ఇష్టం. చెబుతూ చెబుతూ నవ్వేది. అంత వీరుడు ఉమ్మి కార్చుకున్నాడట అని. సండే స్కూల్లో మాకు ఎప్పుడూ వడిసెల, రాయి, రాక్షసుడు. ఈ ఉమ్మి దావీదు మా అమ్మమ్మ ఒక్కతే చెప్పింది.

ఆమె చాలా భయస్తురాలు. ఈ మాట ఇప్పటికీ మా ఊళ్లో అంటే ఎవరూ నమ్మరు. ఊరి లెక్కలో ఆమె ధైర్యవంతురాలు. భర్త పోయాక ఒక్కతే కూలి చేసుకుని బతికింది, అర్ధరాత్రి పురుళ్లకు లాంతరు పట్టుకుని పొరుగూరికి పోయేది. కానీ నేను పక్కన పడుకునేవాణ్ణి. గాలి ఈల వేస్తే ఆమె ఒళ్లు ఎలా బిగుసుకునేదో నాకు తెలుసు.

ఒక ఏడు నాట్లు వేసిన ఆడవాళ్లకు రైతు కూలి సగమే ఇచ్చి మిగతాది పంటప్పుడు చూద్దామన్నాడు. ఎవరూ అడగలేదు. అమ్మమ్మ అడుగుతానంది. నన్ను వెంటబెట్టుకుని పోయింది. వాళ్ల వాకిట్లో, అరుగుకు ఇవతల, ఎండలో నిలబడ్డాం. లోపలికి రమ్మని మమ్మల్ని ఎవరూ అనరు, మేమూ అనుకోము. పల్లె నుంచి, అంటే ఊరి బయటి దళితవాడ నుంచి వచ్చినవాళ్లం కదా. ఆయన బయటికి వచ్చేదాకా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. కొంగు చివర పిడికిట్లో నలిగిపోయింది. ఆయన వచ్చాక మాత్రం గొంతు మామూలుగానే వచ్చింది. "పద్నాలుగు మందిమి అయ్యా. రెండు రోజులు. లెక్క ఇదిగో." వేళ్ల మీద చెప్పింది. ఆయన కసురుకున్నాడు. ఆమె వెళ్లలేదు. మళ్లీ అదే లెక్క, అదే గొంతుతో చెప్పింది. మూడోసారికి ఇచ్చాడు. తిరిగి వస్తూ కాలవలో దిగి మొహం కడుక్కుంటున్నప్పుడు చూశాను, చేతులు అప్పుడు వణుకుతున్నాయి. లోపల ఉన్న వణుకును అక్కడ కనబడనివ్వకుండా కాలవ దాకా మోసుకొచ్చింది. ఆ డబ్బులో తన వాటా నుంచి ఆ రాత్రి కానుక సంచిలో కొంత వేసింది. చర్చికని తీసిపెట్టే పిడికెడు బియ్యం కుండలో మాత్రం ఎప్పటిలాగే పిడికెడే వేసింది, ఎక్కువ వేయలేదు.

1990 మే నెలలో మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. ఆ సారి ముందుగానే చెప్పారు. లారీలు, బస్సులు పెట్టి తీరం పొడవునా లక్షల మందిని తరలించారు. రైలు పట్టా గంట మధ్యాహ్నం మొదలై చీకటిదాకా మోగింది. మేము తుఫాను రక్షణ భవనంలో ఉన్నాం. అన్ని కులాలవాళ్లూ ఒకే గచ్చు మీద. మామూలు రోజుల్లో మాకు మంచినీళ్లు ఎత్తి పోసే ఇంటివాళ్లు కూడా ఆ రాత్రి మా చాప అంచున కూర్చున్నారు. కిటికీ తలుపొకటి ఊడిపోయింది. పిల్లలు ఏడుపు. అమ్మమ్మ తాడు తీసుకుని వచ్చింది మరి! కాంక్రీటు భవనంలోకి! ఎవరో నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. స్తంభానికి కట్టి, చుట్టుపక్కల పిల్లలందర్నీ, ఎవరి పిల్లలని చూడకుండా, నడుములకు వరుసగా తాడు తిప్పి కూర్చోబెట్టింది. నాకు పదకొండో ఏడు, మీసాలు వస్తాయేమోనని చూసుకుంటున్న వయసు. ఆ పసివాళ్ల మధ్య కట్టించుకోవడం నాకు నామోషీగా ఉంది.

"నాకు భయం లేదు, నన్ను వదిలెయ్" అన్నాను.

"నాకుంది. నా కోసం కట్టించుకో" అంది.

తరువాత ఒక కీర్తన ఎత్తుకుంది. గొంతు సన్నగా, గాలికి విరిగిపోతూ. పల్లెవాళ్లు అందుకున్నారు. అది అయ్యాక అవతలి వైపు నుంచి ఒక పెద్దాయన రామనామం మొదలుపెట్టారు. కాసేపు ఇది, కాసేపు అది. తెల్లవారేసరికి అందరం బతికే ఉన్నాం. ఆ తుఫానులో రాష్ట్రమంతటా పోయినవాళ్లు 1,000 లోపే. 1977తో పోల్చి చూస్తే ఎంత తేడా! గాలి రెండుసార్లూ భయంకరమైనదే. తేడా తెచ్చింది హెచ్చరికలు, లారీలు, భవనాలు. అమ్మమ్మ అయితే దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది, "ఈసారి గవర్నమెంటు కూడా తాడు కట్టింది" అని.

నేను బందరులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి, కొన్నాళ్లు కాంట్రాక్టు మీద తిరిగి, చివరికి లైన్‌మన్‌ని అయ్యాను. స్తంభం ఎక్కే పని. ఇంట్లో అందరూ సంతోషించారు, అమ్మమ్మ ఒక్కతే మాట్లాడలేదు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. ఉద్యోగంలో చేరే ముందు రోజు రాత్రి నన్ను పిలిచి తల మీద చెయ్యి పెట్టింది, ప్రార్థన చేస్తుందనుకున్నాను.

"సాతాను యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టిన సంగతి గుర్తుందా?"

"ఉంది."

"ఏమన్నాడు?"

"దూకమన్నాడు. దూతలు పట్టుకుంటారన్నాడు."

"వాక్యం కూడా చూపించాడు, నోటికొచ్చింది చెప్పలేదు. వాక్యంలో ఉన్నదే చెప్పాడు. ఆయన దూకాడా?"

"లేదు."

"ఎందుకని?"

"ప్రభువైన నీ దేవుని శోధింపవలదు అన్నాడు."

"అంతే. స్తంభం మీద నువ్వూ అంతే. రోజూ ప్రార్థన చేసుకో. తాడు కట్టుకోకుండా మాత్రం ఎక్కకు. తాడు లేకుండా ఎక్కి ప్రభువా నీదే భారం అంటే, అది విశ్వాసం కాదు, దూకడం."

ఆ తరువాత చేసింది ప్రార్థన. అదేమిటో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఇది మాత్రం గుర్తుంది.

మొదటిసారి 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల స్తంభం మీద నిలబడ్డప్పుడు మోకాళ్లు నా మాట వినలేదు. కింద సీనియర్లు చూస్తున్నారు. ఆ పనిలో భయం అన్న మాట ఎవరూ నోట రానివ్వరు. భయం లేదన్నవాడే మొనగాడు. నేను కళ్లు మూసుకుని 56వ కీర్తన మూడో వచనం అనుకున్నాను. మోకాళ్ల వణుకు తగ్గలేదు. ఇది నిజాయితీగా చెప్పాలి, వాక్యం చెప్పుకోగానే భయం మంత్రం వేసినట్టు పోయిందని సాక్ష్యాల్లో చెబుతుంటారు. నాకు ఎప్పుడూ పోలేదు. వణుకుతూనే బోల్టు బిగించాను. ఇరవై ఏళ్ల పైబడి అలాగే బిగిస్తున్నాను. ఇప్పుడు వణుకు మోకాళ్ల నుంచి ఎక్కడికో లోపలికి పోయింది, అంతే.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మమ్మ మంచం మీద నుంచి ఒకే ప్రశ్న. "తాడు కట్టావా?" రక్షణ బెల్టు అని చెప్పినా ఆమెకు తాడే. 2008 వేసవిలో పోయింది. ఆకు కదలని రోజు. గాలి అంటే అంత భయపడ్డ మనిషికి దేవుడు ఆ మేరకు మర్యాద చేశాడని అమ్మ అంటుంది.

2010 మే నెలలో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కూడా లైన్లు తెగిపడ్డాయి. మర్నాడు ఒక ఫీడరు మీద పని. సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఎల్‌సీ తీసుకున్నాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. అక్కడ ఆపరేటరు సరఫరా ఆపి, నేను మళ్లీ ఫోను చేసి తిరిగి ఇచ్చేదాకా ఆన్ చేయకూడదు. కంటికి కనబడని మనిషి ఇచ్చిన మాట మీద తీగ పట్టుకుంటాం. లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచాను. ఇక ఎర్త్ రాడ్లు వేయాలి, పొరపాటున తీగలోకి కరెంటు వచ్చినా నేలలోకి పంపేసేవి. తుఫాను రోజుల్లో పని కొండంత ఉంటుంది, జనం తిడుతుంటారు, ఆ రాడ్లు మోసుకొచ్చి రెండు వైపులా తగిలించడానికి పట్టే సమయం దండగ అనిపిస్తుంది. నాతో ఉన్నతను, "సరఫరా ఎలాగూ లేదు, ఎక్కేయ్" అన్నాడు. నిజమే, జిల్లాలో సగానికి కరెంటే లేదు. నిచ్చెన మీద ఒక కాలు పెట్టి కూడా ఆగాను. నా చెవిలో ఏ స్వరమూ వినిపించలేదు. ముసలావిడ ముఖం ఒకటి గుర్తొచ్చింది, తాడు పురి తడుముతూ. దిగి రాడ్లు తగిలించాను.

బోల్టు బిగిస్తుండగా కింద రాడ్డు దగ్గర టప్‌మని నిప్పురవ్వ. దూరంగా రొయ్యల చెరువు గట్టున ఒక జనరేటరు గొంతు నొక్కినట్టు మూలిగి ఆగిపోయింది. చెరువు ఆయన ఏరేటర్లు తిప్పుకోవడానికి జనరేటరును సరిగా వేరు చేయకుండానే సర్వీసు తీగకు కలిపేశాడు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరులోంచి వెనక్కి ఎక్కి 11 కేవీగా మారి నా తీగలోకి వచ్చింది. ఎర్త్ లేకపోయి ఉంటే ఈ ముక్క రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. ఆయన మీద కోపం రాలేదు. రొయ్యలకు రాత్రంతా గాలి అందకపోతే తెల్లారేసరికి అన్నీ పోతాయి, ఆయన భయం ఆయనది.

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ఊరంతా అప్పటికే చెప్పుకుంటోంది. నేను లేచాను. దేవుడు నన్ను కాపాడాడు అని మొదలుపెట్టబోయాను. కానీ రెండేళ్ల క్రితం పక్క సెక్షన్‌లో స్తంభం మీదనే ప్రాణం పోగొట్టుకున్న మనిషి భార్య ఎదురుగా, ఆడవాళ్ల వరుసలో కూర్చుని ఉంది. ఆయన కూడా ప్రార్థనాపరుడే. మాతోపాటు క్వయర్‌లో పాడేవాడు. నా నోరు ఆగిపోయింది. అమ్మమ్మ అన్నేళ్లు ఎందుకు లేవలేదో ఆ క్షణాన, ఆ వరుసల మధ్య నిలబడి తెలుసుకున్నాను. "ఆయన నాతో ఉన్నాడు. ఎర్త్ రాడ్లు వేసుకోవడం మరవకండి" అని కూర్చున్నాను. కుర్రవాళ్లు కొందరు నవ్వారు. సాక్ష్యంలో ఎర్త్ రాడ్లేమిటని. ఆరాధన అయ్యాక ఆవిడ మాత్రం నా దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా, చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు వేరే జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. కొండల మీద చెట్లు ఆకు లేకుండా చీపుళ్లలా నిలబడి ఉన్నాయి. దాని గురించి చెప్పాలంటే వేరే రాయాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను మళ్లీ బాపట్ల దగ్గరే దాటింది. ఇప్పుడు స్తంభం ఎక్కేది ఎక్కువగా కుర్రవాళ్లు, నేను కింద నిలబడి చూస్తాను. కొత్తగా వచ్చిన పిల్లవాడొకడు, నుదుట విభూతి, ఎక్కేముందు స్తంభాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. అది నాకు కనబడకూడదని చేతొడుగులు గబగబా తొడుక్కుంటున్నాడు.

"భయంగా ఉందా?" అని అడిగాను.

"లేదండీ."

"నాకుంది. బెల్టు ఇంకొకసారి చూసుకుని ఎక్కు."

వాడు నా ముఖంలోకి చూశాడు. బెల్టు కొక్కెం తీసి, మళ్లీ పెట్టి, లాగి చూసుకున్నాడు. తరువాత నెమ్మదిగా ఎక్కాడు. వాడు పైన ఉన్నంతసేపూ నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. రైతు వాకిట్లో అమ్మమ్మకు కదిలినట్టు.

రాత్రి తొమ్మిదింటికి లైన్ నిలిచింది. ఒక వీధి తరువాత ఒక వీధి వెలిగింది. జీపులో కూర్చుని తడి బూట్లు విప్పుకుంటుంటే అమ్మ ఫోను చేసింది. అమ్మకు డెబ్బై వచ్చాయి. తాడు ముందా ప్రార్థన ముందా అని తల్లితో ఆ వాదనంతా చేసిన మనిషి.

"తాడు కట్టావా?" అంది.

"నేను ఎక్కలేదమ్మా ఇవాళ, పిల్లవాడు ఎక్కాడు. పని కూడా అయిపోయింది."

"వాడైనా కట్టుకున్నాడా?"

"కట్టుకున్నాడు. నేను చూశాను."

"సరే, ఇంటికి రా. అన్నం పెట్టుకుని కూర్చున్నాను" అని పెట్టేసింది.